ఏది పాత, పుస్తకమా షాపా? ఇంగ్లీషు విశేషణాల నడుమ హైఫన్

హైదరాబాదు కోఠిలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో "పాత పుస్తకాల షాపు ఎక్కడ?" అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. పాతవి పుస్తకాలేనని అడిగినవారికీ తెలుసు, చెప్పినవారికీ తెలుసు. షాపు నిన్న తెరిచినదే కావచ్చు. కానీ ఆ మూడు మాటల్లో ఇంకో అర్థానికీ చోటుంది. ఎప్పటినుంచో ఉన్న షాపు, అందులో అమ్మేవన్నీ కొత్త పుస్తకాలే. నోటితో చెప్పేటప్పుడు ఈ తేడా సంగతి ఊపిరే చూసుకుంటుంది. "పాతపుస్తకాల" అని ఒక్క గుక్కలో పలికి, ఒక క్షణం ఆగి "షాపు" అంటే ఒక అర్థం. "పాత" దగ్గర ఆగి "పుస్తకాలషాపు" అని కలిపేస్తే మరో అర్థం. కాగితం మీద ఆ ఆగడం కనిపించదు.

ఆ ఆగడాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడానికి ఇంగ్లీషు వాడుకునే గుర్తు హైఫన్. 'ఓల్డ్-బుక్ షాప్' అంటే పాత పుస్తకాలు అమ్మే చోటు. 'ఓల్డ్ బుక్‌షాప్' అంటే ఏళ్లనాటి పుస్తకాల షాపు. నామవాచకానికి ముందు రెండు మూడు మాటలు వరుసకట్టినప్పుడు వాటిలో ఏవి జట్టుగా వచ్చాయో, ఏది విడిగా వచ్చిందో చెప్పడమే దాని ఉద్యోగం. మన బడుల్లో మాత్రం దీన్ని స్పెల్లింగులో ఒక భాగంలా నేర్పుతారు. 'వెల్-నోన్' అనే మాటకు హైఫన్ ఉందా లేదా అని ప్రశ్నపత్రాల్లో అడుగుతారు. ఆ ప్రశ్నే తప్పు. వాక్యంలో ఎక్కడ ఉంది అన్నది తేలకుండా దానికి జవాబు లేదు.

నిజానికి ఇంగ్లీషులో హైఫన్లు రెండు రకాలు. ఒకటి నిఘంటువు పెట్టేది. 'మదర్-ఇన్-లా' వాక్యం మొదట్లో ఉన్నా చివర్లో ఉన్నా హైఫన్లతోనే ఉంటుంది, ఎందుకంటే అది ఆ మాట రూపంలోనే ఉంది. ఈ రకానికి ఆయుష్షు తక్కువ. వందేళ్ల కిందటి ఇంగ్లీషు పుస్తకాల్లో 'టు-డే', 'టు-మారో' అని గీతతో అచ్చయ్యేవి, ఇప్పుడు అలా ఎవరూ రాయరు. 2007లో వచ్చిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరో ముద్రణ ఒక్క దెబ్బతో దాదాపు 16,000 మాటల్లోంచి హైఫన్ తీసేసింది. 'ఐస్-క్రీమ్' రెండు మాటలుగా విడిపోయింది, 'బంబుల్-బీ' ఒకే మాటగా అతుక్కుంది. 'ఈ-మెయిల్'లో గీతను అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ 2011లో వదిలేసింది. వాడగా వాడగా మాటలు అరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, నిఘంటువులు వాటి వెనకాల నడుస్తాయి.

రెండోది వాక్యం పెట్టే హైఫన్. ఇది ఏ నిఘంటువులోనూ దొరకదు, ఎందుకంటే ఆ జట్టు ఆ వాక్యం కోసమే అప్పటికప్పుడు ఏర్పడింది. 'ఓల్డ్-బుక్' అనే మాట ఎక్కడా లేదు. షాపు పక్కన నిలబడిన ఆ కాసేపు మాత్రమే ఉంది. అందుకే నిఘంటువు హైఫన్లు వేలకు వేలు రాలిపోతున్నా ఇది మాత్రం చావడం లేదు. సమాస విశేషణాల చిక్కంతా ఈ రెండో రకానిదే.

గ్రీకులో హైఫన్ అనే పేరుకు మూలం "ఒకటి కిందికి", అంటే అన్నీ కలిసి ఒక్కటిగా అని. పాతకాలపు గ్రీకు చేతిరాతల్లో పదాల మధ్య ఖాళీలు ఉండేవి కావు, మన తాళపత్రాల్లో లేనట్టే. వరుసగా పేర్చిన అక్షరాల్లో ఏవి ఒక మాటో చదివేవారే విడదీసుకోవాలి. పొరపాటు పడే చోట, ఈ రెండూ కలిపి చదవండి అని చెప్పడానికి అక్షరాల కింద ఒక వంపు గీత గీసేవారు. ఆ వంపు గీతే తొలి హైఫన్. తర్వాత ఖాళీలు వచ్చాయి, గీత కింది నుంచి మధ్యలోకి ఎక్కింది. పని మాత్రం అదే.

ఇక నియమం దగ్గరికి వస్తే, చోటును బట్టే అంతా. 'అ వెల్-నోన్ రైటర్' అన్నప్పుడు గీత కావాలి. 'ద రైటర్ ఈజ్ వెల్ నోన్' అన్నప్పుడు అక్కర్లేదు. కారణం చూడండి. మొదటి వాక్యంలో 'వెల్', 'నోన్' రెండూ రాబోయే మాట కోసం ఎదురుచూస్తున్నాయి. ఎవరు ఎవరితో కలుస్తారో నామవాచకం వచ్చేదాకా తెలియదు. రెండో వాక్యంలో రచయిత ముందే వచ్చి కూర్చున్నాడు, తేలాల్సింది ఏమీ మిగల్లేదు. ఆఫీసు మెయిళ్లలో రోజూ కనిపించే జంటలన్నీ ఇంతే. 'అప్-టు-డేట్ రిపోర్ట్', కానీ 'ద రిపోర్ట్ ఈజ్ అప్ టు డేట్'. 'ఫుల్-టైమ్ జాబ్', కానీ 'షీ వర్క్స్ ఫుల్ టైమ్'. 'లాంగ్-టర్మ్ లోన్', కానీ 'ఇన్ ద లాంగ్ టర్మ్'. ఈ చివరిదాంట్లో 'టర్మ్' తానే నామవాచకం, 'లాంగ్' దాని విశేషణం. అక్కడ గీత పెడితే తప్పే, అయినా పెద్ద పెద్ద కంపెనీల నివేదికల్లో కూడా పెడుతూనే ఉంటారు.

ఈ చోటు నియమానికి లొంగనివి చివర 'ఎడ్' తగిలించుకున్న జంటలు. 'కోల్డ్-బ్లడెడ్', 'బ్లూ-ఐడ్' లాంటివి నామవాచకం తర్వాత వచ్చినా ఎక్కువగా గీతను వదలవు. తెలుగు వ్యాకరణం చదువుకున్నవారికి ఇది వెంటనే అందుతుంది. ఇవి మన బహువ్రీహులు. ముక్కంటి అంటే మూడు కళ్లు కాదు, మూడు కళ్లు కలవాడు. 'త్రీ-ఐడ్' కూడా అంతే. 'ఐడ్' అనే విశేషణం విడిగా బతకదు, ముందున్న 'త్రీ'తో కలిస్తేనే దానికి ప్రాణం. విడదీస్తే విగ్రహవాక్యం చెప్పుకోవాల్సిందే కానీ, ముక్కల్లో అర్థం మిగలదు.

అంకెల దగ్గర కాస్త నిలబడాలి. హైఫన్ ఎంత పని చేస్తుందో ఇక్కడే కళ్లకు కడుతుంది. ఒక ఆసుపత్రి నర్సుల డ్యూటీ పట్టిక మీద 'ట్వెంటీ ఫోర్ అవర్ షిఫ్ట్స్' అని గీతలేవీ లేకుండా రాశారనుకుందాం. 'ట్వెంటీ ఫోర్-అవర్ షిఫ్ట్స్' అయితే నాలుగేసి గంటల షిఫ్టులు ఇరవై, మొత్తం 80 గంటలు. 'ట్వెంటీ-ఫోర్ అవర్ షిఫ్ట్స్' అని చదివితే గంట చొప్పున ఇరవై నాలుగు షిఫ్టులు, మొత్తం 24 గంటలు. 'ట్వెంటీ-ఫోర్-అవర్ షిఫ్ట్స్' అయితే ఒక్కో షిఫ్టు రోజంతా, ఎన్ని షిఫ్టులో చెప్పలేదు. అక్షరం మారలేదు, మాట మారలేదు. గీత జరిగిన కొద్దీ ఆ నర్సు నిద్ర మారుతోంది. అదే ఆసుపత్రిలో పిల్లల వార్డుకు వెళ్తే 'త్రీ మంత్-ఓల్డ్ బేబీస్' అంటే నెల వయసున్న ముగ్గురు పాపలు, 'త్రీ-మంత్-ఓల్డ్ బేబీస్' అంటే మూడు నెలల పాపలు. మందు మోతాదు రాసే చోట ఇది వ్యాకరణం గొడవ కాదు.

తెలుగులో ఈ రెండో పొరపాటు జరగనే జరగదు. మనుషులకు ఒక లెక్క, వస్తువులకు ఒక లెక్క పెట్టుకున్న భాష ఇది. "ముగ్గురు" అనగానే లెక్క పాపలది, "మూడు" అనగానే నెలలది. ఇంగ్లీషు గీతతో చేసే పనిని తెలుగు సంఖ్యావాచకంతోనే చేసేసింది. షిఫ్టుల విషయంలోనూ "నాలుగేసి" అని ఒక్క ప్రత్యయం అతికిస్తే చాలు. ఇంకో చోట విభక్తి కాపాడుతుంది. 'మ్యాన్-ఈటింగ్ ఫిష్' అంటే నరమాంసం రుచి మరిగిన చేప. గీత తీసేస్తే, వానాకాలంలో గోదావరి ఒడ్డున పులస ముక్క నోట్లో పెట్టుకుంటున్న మనిషి. మనకైతే "మనిషిని తినే చేప", "మనిషి తినే చేప". మధ్యలో ఉన్నది ఒక్క "ని". ఇంగ్లీషు తన విభక్తి ప్రత్యయాలను చాలావరకు పోగొట్టుకుంది. మాటల వరుసే దానికి వ్యాకరణం. వరుస చాలని చోట గీత గీసుకుంటుంది.

అయితే తెలుగు అలవాటే మనల్ని ఒక గోతిలో కూడా తోస్తుంది. "ఐదేళ్ల పిల్లవాడు", "పది రూపాయల నోటు", "మూడు రంగుల జెండా". ఒకటికి మించిన లెక్క వస్తే మనకు బహువచనం తప్పదు. ఆ చెవితోనే 'ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్', 'టెన్ రూపీస్ నోట్' అనేస్తాం. ఇంగ్లీషులో నామవాచకానికి ముందు జట్టు కట్టిన కొలతమాట ఏకవచనంలోకి దిగిపోతుంది. 'ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్', 'టెన్-రూపీ నోట్'. నోటు మీద మాత్రం 'టెన్ రూపీస్' అనే అచ్చయి ఉంటుంది, ఎందుకంటే అక్కడ అది నోటు పేరు కాదు, విలువ. పిల్లవాణ్ని ముందు చెప్పేస్తే బహువచనం తిరిగొస్తుంది, గీతలు పోతాయి. 'ద బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్'. పిల్లవాణ్ని వదిలేసి 'అ ఫైవ్-ఇయర్-ఓల్డ్' అని వయసునే మనిషిని చేసినప్పుడు మళ్లీ గీతలు కావాలి. గుర్తుంచుకోవడానికి ఒక దారి ఉంది. గీత, ఏకవచనం కలిసి వస్తాయి, కలిసి పోతాయి.

మన దేశంలో ఈ నియమానికి ఎదురుగా నిలబడ్డ ఘనమైన ఉదాహరణ పంచవర్ష ప్రణాళిక. తెలుగులో అది చక్కని ద్విగు సమాసం. ఇంగ్లీషులో 'ఫైవ్-ఇయర్ ప్లాన్' అని ఉండాలి. 1951లో మొదలై 2017లో పన్నెండోదానితో ముగిసిన ఆ ప్రణాళికల గురించి రాసేటప్పుడు పత్రికలు అలాగే గీత పెడతాయి. పన్నెండో ప్రణాళిక పత్రం అట్ట మీద మాత్రం 'ట్వెల్ఫ్త్ ఫైవ్ ఇయర్ ప్లాన్' అనే ఉంది, గీత లేదు. అది తప్పా? ఐదు 'ఇయర్ ప్లాన్లు' అని ఎవరూ చదవరు. పైగా అది శీర్షిక, ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలవుతుంది. పెద్ద అక్షరాలు వచ్చాక జట్టును అవే పట్టి ఉంచుతాయి. 'సుప్రీమ్ కోర్ట్ జడ్జ్' అన్నప్పుడు 'సుప్రీమ్', 'కోర్ట్' మధ్య గీత ఎవరూ పెట్టనిది అందుకే.

లాటిన్ నుంచి వచ్చిన జంటలకూ గీత అక్కర్లేదు. 'అడ్ హాక్ కమిటీ'లో మొదటి రెండు మాటల్ని ఎవరూ విడదీసి ఇంగ్లీషుగా చదవలేరు. మన ప్రభుత్వ ఉత్తర్వులు మాత్రం వాటి మధ్య గీత పెట్టడం మానవు. 'కార్బన్ మోనాక్సైడ్ పాయిజనింగ్' లాంటి రసాయనాల పేర్లూ ఈ కోవలోవే.

ఇంగ్లీషు నేర్చుకునేవారిని ఎక్కువగా తికమక పెట్టేది 'లీ' సంగతి. 'హైలీ పెయిడ్ ఆఫీసర్', 'న్యూలీ ఎలెక్టెడ్ మెంబర్' అన్నప్పుడు గీత పెట్టకూడదని దాదాపు ప్రతి శైలి పుస్తకం, అంటే పత్రికలూ ప్రచురణకర్తలూ రాతకు పెట్టుకునే నియమాల పుస్తకం, చెబుతుంది. ఎందుకో చెప్పేవి తక్కువ. 'హైలీ' క్రియావిశేషణం. అది నామవాచకాన్ని పట్టుకోలేదు. 'హైలీ ఆఫీసర్' అనేవాడు ఉండడు. కాబట్టి 'హైలీ' పోయి 'పెయిడ్'తో కలవక తప్పదు. రెండో దారి లేని చోట దారి చూపే పలక ఎందుకు? 'వెరీ'కి గీత పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే. ఈ కారణం తెలిస్తే మినహాయింపులు బట్టీ పట్టక్కర్లేదు. 'ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్', 'ఎర్లీ-స్టేజ్ క్యాన్సర్' కూడా 'లీ'తోనే ముగుస్తున్నాయి, కానీ 'ఫ్యామిలీ' నామవాచకం, 'ఎర్లీ' ఇక్కడ విశేషణం. అవి తర్వాత వచ్చే ఏ నామవాచకాన్నైనా పట్టుకోగలవు. అందుకే గీత.

'మోర్'తో కథ ఇంకా బాగుంటుంది. 'వి నీడ్ మోర్ ఎక్స్‌పీరియెన్స్‌డ్ టీచర్స్' అని ఒక బడి ప్రకటన ఇస్తే, అనుభవమున్నవాళ్లు ఇంకొందరు కావాలా, ఇప్పుడున్నవాళ్లకంటే అనుభవజ్ఞులు కావాలా? రెండో అర్థమే ఉద్దేశమైతే, చదివేవారు తప్పుదారి పట్టే ప్రమాదం ఉన్న ఈ ఒక్కచోట 'మోర్-ఎక్స్‌పీరియెన్స్‌డ్' అని గీత గీయాలి. మామూలుగా 'మోర్', 'మోస్ట్' పక్కన గీత ఉండదు. పాత కారు అమ్మకం ప్రకటనలో 'లిటిల్ యూజ్డ్ కార్' అంటే చిన్నపాటి పాత కారు. 'లిటిల్-యూజ్డ్ కార్' అంటే పెద్దగా తిరగని కారు. ధరలో తేడా ఎంతో అమ్మేవాడికి తెలుసు.

ఇంతవరకు చెప్పినదంతా చూస్తే ఒక సూత్రం బయటపడినట్టే అనిపిస్తుంది. రెండు రకాలుగా చదివే వీలుంటే గీత పెట్టు, లేకపోతే వదిలెయ్. ఇది నూటికి తొంభై పాళ్లు నిజం. మిగిలిన పది పాళ్లు అలవాటుది. దాన్ని చిన్నచూపు చూసినవారికి ఏమవుతుందో 2019లో అసోసియేటెడ్ ప్రెస్ చవిచూసింది. ఈ సంస్థను కూడా ఏపీ అనే పిలుస్తారు, మన ఏపీతో సంబంధం లేదు. అమెరికా పత్రికల్లో ఎక్కువ భాగానికి దాని శైలి పుస్తకమే ప్రమాణం. ఆ ఏడాది అది పైన చెప్పిన తర్కాన్నే పట్టుకుని, ఒకే మాటగా అందరికీ అలవాటైన జంటలకు గీత అక్కర్లేదని ప్రకటించింది. 'చాకొలెట్ చిప్ కుకీ', 'రియల్ ఎస్టేట్ ఏజెంట్' సరే. ఎవరూ కిమ్మనలేదు. 'ఫస్ట్ క్వార్టర్ టచ్‌డౌన్' అనే ఉదాహరణ దగ్గర మాత్రం గొడవ మొదలైంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో మొదటి పావు భాగంలో చేసిన స్కోరు అది. 'క్వార్టర్ టచ్‌డౌన్' అనేది ఆ ఆటలో లేదు కాబట్టి తప్పు చదివే ప్రమాదం లేదన్నది ఏపీ వాదన. తర్కం తిరుగులేనిది. కానీ దశాబ్దాలుగా అక్కడ గీత చూసిన కళ్లు ఒప్పుకోలేదు. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఏపీ వెనక్కి తగ్గి గీతను మళ్లీ పెట్టింది. తర్కం ఓడిన చోటు కాదిది, తర్కం చూడనిది బయటపడిన చోటు. పాఠకుడు ప్రతి వాక్యాన్నీ అర్థాలు బేరీజు వేసుకుంటూ చదవడు. కన్ను ముందు పరుగెత్తుతుంది. 'ఫస్ట్ క్వార్టర్' దగ్గర వాక్యం ఆగిపోతుందనుకుని, 'టచ్‌డౌన్' తగిలాక వెనక్కి రావడం అరక్షణం పనే కావచ్చు. ఆ అరక్షణం తడబాటును కూడా తప్పించడానికే గీత ఉంది.

శైలి పుస్తకాలు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవడానికి మూలం కూడా ఇక్కడే. పుస్తక ప్రచురణకర్తలు ఎక్కువగా అనుసరించే షికాగో మాన్యువల్ హైఫన్ల కోసం పేజీలకు పేజీలు పట్టిక వేస్తుంది. బ్రిటిష్ సంపాదకులు అమెరికన్లకంటే కాస్త ధారాళంగా గీతలు గీస్తారు. మన ఇంగ్లీషు పత్రికలు ఒకే పేజీలో రెండు పద్ధతులూ పాటిస్తాయి, దానికి పేరేమీ లేదు.

హైదరాబాదు ఫ్లాట్ల ప్రకటనల్లో తరచూ పొరపాటు జరిగే చోటు ఇంకొకటి. 'టూ- అండ్ త్రీ-బెడ్‌రూమ్ ఫ్లాట్స్' అన్నప్పుడు మొదటి 'టూ' పక్కన గీత గాల్లో వేలాడుతూ కనిపిస్తుంది. అది అచ్చు తప్పు కాదు. 'బెడ్‌రూమ్' తర్వాత వస్తోంది, దానితో ఇదీ కలుస్తుంది అని చెప్పే గీత. "రెండు, మూడు పడగ్గదుల ఫ్లాట్లు" అని మనం అన్నప్పుడు కామా చేసే పని అదే. ఆ గీతను తీసేస్తే ఫ్లాట్లు రెండేనేమో అన్న అనుమానం మిగులుతుంది, అమ్మేవారికి అది ఇష్టం ఉండదు.

గీతకు చేతకాని పనులూ ఉన్నాయి. 'ఇంగ్లీష్ టీచర్' అంటే ఇంగ్లీషు చెప్పేవారా, ఇంగ్లండు మనిషా? నోటితో అయితే మొదటి అర్థంలో 'ఇంగ్లీష్' మీద ఊనిక పడుతుంది, రెండో అర్థంలో 'టీచర్' మీద. రాతలో ఏ గుర్తూ దీన్ని తేల్చలేదు. మన "తెలుగు మాస్టారు" కూడా అంతే. తెనాలిలో ఆయన తెలుగు చెప్పే మాస్టారు, ఢిల్లీలో లెక్కలు చెప్పినా తెలుగు మాస్టారే.

మాటలు నాలుగు దాటితే గీత చేతులెత్తేస్తుంది. "పాత తెలుగు సినిమా పాటల సేకర్త"ను ఇంగ్లీషులోకి తెచ్చి చూడండి. 'ఓల్డ్ తెలుగు ఫిల్మ్ సాంగ్ కలెక్టర్'. ఓల్డ్ ఎవరు? సినిమాలా, పాటలా, సేకర్తా? 'ఓల్డ్-తెలుగు-ఫిల్మ్-సాంగ్ కలెక్టర్' అని గీసుకుంటూ పోతే ముళ్లకంచెలా తయారవుతుంది, చదివేవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. అనుభవమున్న సంపాదకుడు ఇక్కడ గీతల జోలికి పోడు. సేకర్తను ముందుకు లాగి, మిగిలినవాటిని వెనక్కి నెట్టి, 'అ కలెక్టర్ ఆఫ్ సాంగ్స్ ఫ్రమ్ ఓల్డ్ తెలుగు ఫిల్మ్స్' అని రాస్తాడు. సేకర్తకు వయసు పాతికే కావచ్చు.